ఉప్పు చూసే ముక్కు

మా అత్తగారింట్లో వంట చేసే చెయ్యి నోటి దగ్గరికి పోకూడదు. గరిటెతో చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూడటం, వేగుతున్న వడల్లోంచి ఒకటి తీసి ఊదుకుంటూ నోట్లో వేసుకోవడం, పచ్చడి రోట్లో ఉండగానే వేలు పెట్టడం, ఇవన్నీ ఆ ఇంట్లో నేరాలు. దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేస్తే ఎలాగన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం మా అత్తగారి ముక్కు. ఉప్పు చూడటానికి ఆవిడకి నాలుకతో పనే లేదు. వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, లోపల పొయ్యి మీద మరుగుతున్న చారులో ఉప్పు చాలలేదని చెప్పేవారు. చెప్పడం కూడా మామూలుగా కాదు, వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినబడేట్టు.

"అమ్మాయ్! చారులో ఉప్పు పడలేదే!"

వెళ్ళి చూస్తే నిజంగానే పడి ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ముక్కు మీద కోపం ఉండే మనిషిని నేను. ఆ కోపమంతా ఆవిడ ముక్కు మీదే.

నేను పొదిలి పక్క నుంచి గుంటూరు వచ్చిపడ్డదాన్ని. మా పుట్టింట్లో వంట అంటే సగం తినడమే. మా అమ్మ కందిపచ్చడి నూరుతూ ఒక వేలు రోట్లోనూ ఒక వేలు నోట్లోనూ పెట్టేది. సజ్జరొట్టె పెనం మీద ఉండగానే అంచు తుంచి నా చేతిలో పెట్టి, "ఉప్పు సరిపోయిందేమో చూడు" అనేది. సజ్జరొట్టెలో ఉప్పు చూడటానికి ఏముంటుంది? కానీ నేను ఎంతో బాధ్యతగా చూసేదాన్ని. ఒక్కోసారి రెండో అంచు కూడా చూస్తే గానీ తేలేది కాదు. అలా పెరిగినదాన్ని తీసుకొచ్చి, ముక్కుతో వంట చేసే ఇంట్లో పడేశారు. కొత్తల్లో నేను గోడ వైపు తిరిగి, కిటికీలో ఎండబెట్టిన గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ రుచి చూడటం నేర్చుకున్నాను. ఇప్పటికీ అలాగే చూస్తాను. నాలుక మీద పడందే నాకు ఉప్పూ తెలియదు, పులుపూ తెలియదు.

ఇంతా చెప్పి, ఆవిడ వంట బాగుండేది కాదని అంటే కళ్ళు పోతాయి. గోంగూరని ఆవిడ నూనెలో మగ్గించే తీరే వేరు. ఆకు కరిగి నూనె పక్కకి తేలేదాకా గరిటె వదలరు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఉల్లిపాయ సన్నగా తరిగి పచ్చిపులుసు కలిపితే, అన్నం పక్కన పెట్టేసి గ్లాసులో పోసుకుని తాగాలనిపించేది. నేను తాగాను కూడా. దోసకాయ పప్పు, పక్కన వేయించిన చల్లమిరపకాయ ఉంటే మా ఇంట్లో ఎవరికీ ఇంకో కూర గుర్తు రాదు. ఉదయం కాఫీ మాత్రం ఆవిడకి పూజతో సమానం. గ్లాసు ముక్కు దగ్గర పట్టుకుని కాసేపు అలాగే ఉండేవారు. ఆ కాసేపట్లో ఫోను మోగినా, పాలవాడు పిలిచినా, సొంత కొడుకు తాళంచెవి ఎక్కడని అరిచినా ఆవిడ పలికేవారు కాదు.

బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు గుంటూరంటే మంటే కదా అంటారు. హోటళ్ళవాళ్ళయితే ఎర్రరంగు దండిగా కలిపి దానికి మా ఊరి పేరు తగిలిస్తారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మంట ఎవరైనా పెట్టగలరు. మిరపకాయకి రుచి ఉంటుంది, వాసన ఉంటుంది, నీడన ఆరిన కాయకి ఒక తీరు, ఎండలో మాగిన కాయకి ఒక తీరు. ఈ సంగతి మా అత్తగారు చెబితేనే నాకు తెలిసింది. చెప్పినప్పుడు తలూపాను గానీ, నిజం చెప్పాలంటే నా ముక్కుకి అన్ని మిరపకాయలూ ఒక్కటే. తుమ్ము వస్తే మిరపకాయ, రాకపోతే కాదు.

ఆ మధ్య వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, మాత్రలకి తగ్గింది. మంచం దిగి, తలకి పోసుకుని, మళ్ళీ అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. అంతా సర్దుకుందనుకున్నాం. ఒక ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు చేతికిస్తే, ముక్కు దగ్గర పెట్టుకోకుండా గబగబా తాగేసి గ్లాసు కింద పెట్టారు. నేను అంతగా పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం నేను ఫోనులో మాట్లాడుతూ తాలింపు సంగతి మర్చిపోయాను. ఆవాలు నల్లబడి, మినప్పప్పు బొగ్గయి, ఇల్లంతా మాడు వాసన. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆవిడ పొయ్యికి వీపు పెట్టి, పక్కనే కూర్చుని నింపాదిగా కరివేపాకు దూస్తున్నారు.

"అత్తయ్యా, తాలింపు మాడుతోంది, చూడలేదా?"

ఆవిడ వెనక్కి తిరిగి మూకుడు కేసి చూశారు. ఆ తర్వాత నా కేసి చూశారు. నేను ఎదురుచూసిన చీవాట్లు రాలేదు.

"వాసన తెలియట్లేదే," అన్నారు. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"ఏ వాసన?"

"ఏదీ. ఉప్పు ఉప్పగా ఉంటోంది, పులుపు పుల్లగా ఉంటోంది. అంతవరకే. వంకాయకీ బెండకాయకీ తేడా లేదు. కాఫీ చేదు నీళ్ళు. జ్వరం తగ్గాక వస్తుందిలే అని ఊరుకున్నాను."

ముక్కు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, చీర ఫాల్ కుట్టించాలని ఇంట్లో చెప్పి. ఆయన లైటు వేసి లోపలికి చూసి, కొందరికి తిరిగి వస్తుందండీ, కొందరికి రాదు, చూద్దాం అన్నాడు. ముక్కుపొడుం అలవాటు ఉందా అని కూడా అడిగాడు. దానికి ఆవిడకి వచ్చిన కోపం చూసి, ముక్కు ఒక్కటే పోయింది, మిగతా మనిషి బాగానే ఉందని నాకు ధైర్యం వచ్చింది.

ఆటోలో ఇంటికి వస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఎవరికీ చెప్పకు. వాడికి అసలు చెప్పకు." వాడంటే మా ఆయన.

"చెబితే ఏమవుతుంది?"

"పాపం అంటారు. ఆ తర్వాత కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఈ ఏడాది కొరివికారం నా చేత్తో కలపకపోతే, ఇంక నేను ఆ ఇంట్లో అన్నం తినే మనిషినే గానీ వండే మనిషిని కాను."

కొరివికారం అంటే మా పక్క పండుమిరపకాయలు తొక్కి పెట్టే నిలవ పచ్చడి. రోజూ వంట నేనే చేస్తున్నా, దాని జోలికి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. అది ఆవిడ సొంతం. ఆ పచ్చడి పెట్టే రోజుల్లో మా వీధి ఆడవాళ్ళందరూ తమ తమ జాడీలు పట్టుకొచ్చి మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టేవారు. ఆవిడ ఒక్క క్షణం వాసన చూసి, "ఇంకో గుప్పెడు వెయ్యి," అనో, "మీ ఆయనకి బీపీ తెప్పిస్తావా ఏంటి?" అనో తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు మీద పై కోర్టు లేదు.

సరే, ఏదో ఒకటి చెయ్యాలిగా. ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను గోడ వైపు తిరిగి రుచి చూస్తాను. ఉప్పు తక్కువైతే ఒకసారి దగ్గుతాను. సరిపోతే ఊరుకుంటాను. ఆవిడ అరుగు మీద నుంచి ఎప్పటిలాగే గట్టిగా అరుస్తారు. తను తినేది ఎంగిలి వంటేనని ఆవిడకి తెలుసు, తెలిసి తింటున్నారని నాకు తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే, మా ఆయన ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ దగ్గుమందు సీసా తెచ్చారు.

"రోజూ వంటింట్లో ఆ దగ్గేంటి నీకు? పోపు పడట్లేదేమో, ఫ్యాను పెట్టిస్తాను," అన్నారు.

మా అత్తగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడా నేనూ ఒకే వైపు నిలబడి ఇంకొకరిని చూసి నవ్వుకోవడం అంతకుముందు జరగలేదు. నాకది భలే నచ్చింది.

తిండి దగ్గర మాత్రం ఆవిడని చూడలేకపోయేదాన్ని. ఎంతో ఇష్టమైన మెంతికూర పప్పు కలుపుకుని, సగంలో ఆపి, కంచంలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతికేవారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. వాముపొడి మూటగట్టి ముక్కు దగ్గర పెట్టించాను, అల్లం కషాయం కాచాను. ఇంగువ తాలింపుతో ఉలవచారు కాస్తే, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి ఏం వండారని అడిగారు. మా అత్తగారు ఒక్కరే అడగలేదు.

నా ఆఫీసు మంగళగిరిలో. ఒకరోజు బస్సు ఎక్కేముందు గుడి దగ్గర పానకం సీసాలో పట్టించి తెచ్చాను. బెల్లం, యాలకులు, మిరియాలు. ఆవిడకి అదంటే ప్రాణం. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, "తియ్యటి నీళ్ళు," అన్నారు. నా మొహం వాడిపోయింది. అంతలో ఆవిడే, "ఉండు, మిరియం తగిలింది. గొంతులో. తెలుస్తోంది," అని మిగతాది గటగటా తాగేశారు.

అలా దొరికింది ఆవిడకి దారి. మంటకి ముక్కుతో పనిలేదు. అది తిన్నగా వచ్చి తగులుతుంది. ఇక చూడాలి, ఇడ్లీకి పూసే కారప్పొడి ఇడ్లీ కన్నా మందం, ఉప్మాలో పచ్చిమిర్చి రవ్వ కన్నా ఎక్కువ, మజ్జిగలో కూడా అల్లం మిరపకాయ దంచి వేసుకోవడం. మా ఆయనకి కంగారు. ఈ వయసులో అమ్మకి ఈ కారాలేంటి, నువ్వైనా చెప్పవేం అని నా మీద కేకలు. ఏం చెప్పను? ఒకరోజు ఆవిడ చెమటలు కక్కుతూ తింటుంటే నేనే ఉండబట్టలేక అడిగాను, ఎందుకత్తయ్యా అంత అని.

"ఇదొక్కటే నాతో మాట్లాడుతోందే," అన్నారు.

ఆ తర్వాత కారం డబ్బా నేనే ఆవిడ కంచం దగ్గరికి జరిపేదాన్ని, మజ్జిగ గ్లాసు కూడా పక్కన పెట్టి.

చలి తగ్గేసరికి పండుమిరపకాయలు వచ్చాయి. మా ఎదురింటివాళ్ళు ముస్లిములు, మిర్చి వ్యాపారం. ఆ ఇంటి ఇల్లాలు ఏటా మాకోసం నిగనిగలాడే కాయలు ఏరించి తెప్పిస్తుంది. ఈ ఏడూ తెచ్చింది. మేం ముగ్గురం వసారాలో కూర్చుని కాయలు తొడిమలతోనే కడిగి, ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టాం. తొడిమ ముందే తీస్తే లోపలికి నీళ్ళు చేరి పచ్చడి బూజు పడుతుంది. ఆరాక తొడిమలు తీసి, తొక్కి, ఉప్పూ పసుపూ వేసి జాడీకి ఎత్తారు మా అత్తగారు. ఉప్పు చేత్తోనే వేశారు. గ్లాసుతో కొలుద్దామా అని నేను మెల్లిగా అంటే, "కొలిచి వేసేది సిమెంటు," అన్నారు.

అసలు పరీక్ష మూడోనాడు. ఊరిన కారాన్ని జాడీలోంచి తీసి, చింతపండు కలిపి మళ్ళీ తొక్కి, ఉప్పు తేల్చాలి. ఆ రోజు వేసినదే ఏడాదంతా. తక్కువైతే చెడుతుంది, ఎక్కువైతే ఏడాదంతా తిట్టుకుంటూ తినాలి. ఉప్పు తేలాక ఆ బేసిన్లోనే వేడన్నం పోసి, నెయ్యి వేసి కలిపి, వచ్చినవాళ్ళందరికీ ఆవిడ తన చేత్తో ముద్ద పెడతారు. దానికోసమే మా ఆడపడుచు దాచేపల్లి నుంచి వస్తుంది. వాళ్ళాయనకి అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. పుట్టింటి మీద ప్రేమా, సగం జాడీ పచ్చడీ కలిపి ఒకే ప్రయాణంలో పట్టుకుపోతుంది.

మా పథకం పాతదే. తొక్కడం అవగానే నేను గరిటె కడిగే వంకతో లోపలికి వెళ్ళి, అంటుకున్నది నాకి చూస్తాను. తక్కువైతే అక్కడినుంచే దగ్గుతాను. ఆవిడ ఒక గుప్పెడు వేస్తారు.

ఇంత తెలివైన ఇద్దరు ఆడవాళ్ళకి ఒక్క సంగతి తట్టలేదు. గుంటూరులో, పెరట్లో, రోట్లో పండుమిరపకాయలు తొక్కుతున్న రోజున, దగ్గు గుర్తుగా పెట్టుకున్నాం.

ఆ ఉదయం మా ఆడపడుచూ ఎదురింటామే రోకళ్ళు అందుకున్నారు. మా ఆయన తలుపు దగ్గర జేబురుమాలు మూతికి కట్టుకుని, దొంగతనానికి వచ్చినవాడిలా నిలబడ్డారు. తొక్కిన కారాన్ని బేసిన్లోకి తీసి మా అత్తగారు మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపారు. బేసిను మీదికి వంగి, కళ్ళు సగం మూసి, ముక్కు ఎగబీల్చారు. చూసేవాళ్ళకి ఎక్కడా అనుమానం రాదు. "ఊఁ," అన్నారు. నేను గరిటె పట్టుకుని లోపలికి పరుగెత్తాను.

నాకి చూశాను. మంట నడినెత్తికి అంటింది. నోరంతా లాలాజలం ఊరి, చెవులు వేడెక్కి, కాసేపటికి ఉప్పు తేలింది. అచ్చంగా సరిపోయింది. కణిక ఎక్కువా లేదు, కణిక తక్కువా లేదు. ముక్కు లేకపోతే ఏం, ఆ చెయ్యే మొదటిరోజు కొలత వేసేసింది. నాకు గర్వంతో గంతులెయ్యాలనిపించింది. దగ్గకూడదు, ఊరుకోవాలి, అంతే. పొంగుకొస్తున్న దగ్గుని పైట కుక్కుకుని మరీ ఆపుకున్నాను.

అప్పుడు పెరట్లో ఎదురింటామె దగ్గింది.

నేను బయటికి వచ్చేలోపు మా ఆడపడుచు అందుకుంది. మా ఆయన జేబురుమాల్లోంచి ఇంకా గట్టిగా దగ్గారు. గుమ్మంలో నిలబడి చూద్దును కదా, దగ్గు వినబడ్డప్పుడల్లా మా అత్తగారు అటుకేసి తల తిప్పకుండా, ఎంతో నమ్మకంగా, ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి బేసిన్లో వేస్తున్నారు. మరో గుప్పెడు పైకి లేచింది.

"ఆపండి అత్తయ్యా! దగ్గింది నేను కాదు!"

అందరూ నా కేసి తిరిగారు. మా అత్తగారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు కాళ్ళ మీద రాలుతోంది.

"నువ్వు దగ్గితే అమ్మ ఉప్పు వెయ్యడమేంటి వదినా?" అంది మా ఆడపడుచు.

నేను బొంకడానికి నోరు తెరిచాను. బొంకడంలో నాకు మంచి అలవాటే, కానీ అంతసేపూ ఆపుకున్న దగ్గు సరిగ్గా అప్పుడే తన్నుకొచ్చింది. ఆవిడ పరువు నా చేతిలో ఉంది, నేను దాన్ని నట్టింట్లో కాదు, నడిపెరట్లో పారబోశాను. నాకు ఏడుపొచ్చింది.

మా అత్తగారు గుప్పిట్లో ఉప్పు మళ్ళీ జాడీలో పోసేసి, చెయ్యి దులుపుకున్నారు.

"నాకు వాసన తెలియట్లేదు," అన్నారు. గొంతు తగ్గించలేదు. ఇస్త్రీ బండి దాకా వినబడే ఉంటుంది. "వానాకాలం జ్వరం దగ్గర్నుంచీ. ఈ అమ్మాయి దగ్గితే ఉప్పు వేస్తున్నాను. అంతే. ఎవరూ పాపం అనకండి, నాకు చిరాకు."

మా ఆయన రుమాలు కిందికి లాగి, "అయితే ఆ దగ్గుమందు?" అన్నారు.

"మందారం చెట్టుకి పోశాను," అన్నాను.

మా ఆడపడుచు అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. నాకెందుకు చెప్పలేదమ్మా అని మొదలుపెట్టబోయింది. ఎదురింటామె అడ్డం వచ్చింది. "ముందు పచ్చడి సంగతి చూడండి పిన్నిగారూ. మా ఇంట్లో ఇంకా కాయలున్నాయి, తుడిచి ఆరబెట్టినవే. తెమ్మంటారా?"

"ఆగు. ఎన్ని కావాలో చూడనీ," అని మా అత్తగారు పీట మీద నుంచి లేచారు. ఆ పీట నా కేసి తోశారు. "కూర్చో."

కూర్చున్నాను. ఇంక దాపరికం ఏముందని, వేలు బేసిన్లో పెట్టి నోటి దగ్గరికి తీసుకెళ్ళబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"నోట్లో పెట్టకు. వాసన చూడు."

"నాకు రాదు అత్తయ్యా."

"ముక్కుందిగా. చూడు."

వంగాను. వరసగా తుమ్ములు. అందరూ నవ్వారు, ఆవిడ కూడా. మొహం తుడుచుకుని మళ్ళీ వంగాను.

"ఏం వస్తోంది?"

"మిరపకాయ."

"మిరపకాయ కాక మల్లెపూలు వస్తాయా? సరిగ్గా చెప్పు."

ఈసారి నెమ్మదిగా పీల్చాను. చెప్పడానికి మాట దొరకడం కష్టమైంది. "వస్తోంది గానీ... పైకి రావట్లేదు. మీద మూత వేసినట్టుంది."

ఆవిడ తలూపారు. "ఉప్పు ఎక్కువైతే అంతే. కాయని లేవనివ్వదు. వెళ్ళి తీసుకురామ్మా."

ఎదురింటామె పళ్ళెం నిండా కాయలు తెచ్చింది. ముగ్గురం తొక్కాం. ఇంకాస్త చింతపండు వేశాం. ఈసారి కలిపింది నేను. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని, అడుగు నుంచి తియ్యి, అంచులు వదిలేస్తున్నావు, అది పచ్చడే గానీ గోడకి సున్నం కాదు అని సాధిస్తూనే ఉన్నారు. కుర్చీలో కూర్చుని కూడా అంత అధికారం చెయ్యొచ్చని ఆవిడకే తెలియదనుకుంటాను.

"ఇప్పుడు చూడు."

"లేచింది అత్తయ్యా. మిరపకాయ పైకి లేచింది."

"దాని కింద?"

"కింద ఏముంటుంది?"

"చింతపండు ఉంటుంది. కొత్త చింతపండు, కాస్త బెల్లం వాసన ఉంటుంది. చివర్లో వస్తుంది. తొందరపడకు, ఊపిరి నిలబెట్టి చూడు."

ఏళ్ళ తరబడి తిన్నాను ఆ పచ్చడి. వేలు పెట్టి నాకాను, పెరుగన్నంలో నంజుకున్నాను, ఆఫీసుకి డబ్బాలో పట్టుకెళ్ళి పదిమందికి పెట్టాను. దాని కింద ఇంకో వాసన ఉంటుందని నాకు తెలియదు. వంగి, ఆగి, చూశాను. లేదు. మళ్ళీ చూశాను. మంట పక్కకి జరిగింది. ఆ వెనకగా, పుల్లగా, తియ్యగా, మెత్తగా ఒకటి వచ్చింది.

"ఉంది అత్తయ్యా."

"ఉంటుంది," అన్నారు ఆవిడ. "అయితే ఉప్పు తేలింది. ఇంక ముట్టుకోకు."

కొంత కారం బేసిన్లో ఉంచి, మిగతాది జాడీలకెత్తాం. ఇంగువ తాలింపు పెట్టి బేసిన్లో పోశాను, దాని మీద పొగలు కక్కే అన్నం, అప్పుడే కాచిన నెయ్యి. ముద్దలు మాత్రం ఆవిడే పెట్టారు. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఎక్కిళ్ళు మొదలుపెట్టారు. మా ఆడపడుచు ఏడుస్తూ తింది. మంటకా, అమ్మ కోసమా అని ఆటపట్టిస్తే, రెండింటికీ అని చెయ్యి చాపి మళ్ళీ పెట్టించుకుంది. ఎదురింటామె తినేసి వేళ్ళు నాక్కుంటూ, ఈ ఏడాది ఇంకా బాగా కుదిరింది పిన్నిగారూ అంది.

చివరి ముద్ద ఆవిడది. అరచేతిలో పెట్టుకుని, నోటి దాకా తీసుకెళ్ళి ఆగారు. నా వైపు వంగారు.

"నెయ్యి వాసన వస్తోందా?"

"వస్తోంది."

"ఎలా ఉంది?"

నేను మామూలుగానే గడగడా మాట్లాడే మనిషిని. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోగానే మొదలుపెట్టాను. "గిన్నె అడుగున వెన్న ఎర్రబడ్డ వాసన అత్తయ్యా, దాని మీద అన్నం ఆవిరి, ఆవిరిలోంచి మిరపకాయ, అది ముక్కుకి ఎక్కేలోపే ఇంగువ, వెనక చింతపండు, మీరన్నట్టే బెల్లంలా..."

ఆవిడ చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, నా చేతిలో ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

"మెల్లిగా చెప్పవే," అన్నారు. "నమలనీ."